కదిరక్క పేరులో ‘కె’ ఎక్కడిది?

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

బొమ్మనహళ్ళి,
బెంగళూరు – 560068



నేను అనంతపురం జిల్లాలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి బొమ్మనహళ్ళి వచ్చేసిన టీచర్ని. ఆదివారం వచ్చిందంటే మా ఇంటి మెట్ల దగ్గర చెప్పులు పేరుకుంటాయి. హోసూరు రోడ్డుకు అటూ ఇటూ ఉన్న గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు వాళ్ళంతా. వారానికి దొరికే ఒక్క సెలవు రోజున బట్టలుతుక్కుని, వంట ముగించి, ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని వస్తారు. బ్యాంకు ఫారాలు, రేషన్ కార్డులు, పిల్లల స్కాలర్‌షిప్‌లు, అన్నిటికంటే ఎక్కువగా పీఎఫ్, అంటే ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు. చదివి చెప్పడం, రాసిపెట్టడం నా పని. ఈ ఉత్తరం ఆ మెట్ల మీద పుట్టింది.

నిరుడు చలికాలంలో ఒకావిడ వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఊరు కదిరి కాబట్టి మా వీధిలో అందరికీ కదిరక్క. 2009లో ఒక ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరింది. ఏడాది తిరిగేసరికి టైలరైంది. చొక్కాలకు కాలర్ అతకడం ఆమె పని. కొన్నేళ్ళకు ఆ ఫ్యాక్టరీ వదిలి ఇంకోదానికి మారింది. ఆ మొదటిది ఇప్పుడు ఆ స్థలంలో లేదు, దాని ఊసు చెప్పేవాళ్ళూ లేరు. కూతురికి పెళ్ళి కుదిరింది, పాత పీఎఫ్ తీసుకుందామని అర్జీ పెడితే పేరు కలవలేదని తిరిగొచ్చింది. ఆధార్‌లో ఆమె పేరు ముందు ఇంగ్లీషు అక్షరం ‘జి’ ఉంది. పీఎఫ్‌లో అదే పేరు ముందు ‘కె’ ఉంది. మిగతా అక్షరాలన్నీ ఒకటే. పుట్టిన తేదీ ఒకటే. ఫొటోలో ఉన్న మనిషి నా ఎదురుగా కూర్చుంది.

‘‘ఆ ‘కె’ అనే ఆమె ఎవురో నాకు తెలీదు టీచరమ్మా. నా దుడ్లు ఆమె పేరు మీద ఉండాయంట’’ అంది.

ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీతంలోంచి నెలనెలా 12 శాతం కోయించుకున్న మనిషి ఇక్కడ ఉంది. ఆ డబ్బు మాత్రం ఎక్కడా లేని మనిషి పేరు మీద ఉంది. 1905లో బెర్ట్రండ్ రసెల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఒక వ్యాసం రాశాడు. ‘ఇప్పటి ఫ్రాన్సు రాజు బట్టతలవాడు’ అంటే అది నిజమా, అబద్ధమా అని అందులో అడిగాడు. అప్పటికి ఫ్రాన్సుకు రాజే లేడు. మాట చూస్తే ఒక మనిషిని వేలు పెట్టి చూపిస్తున్నట్టే ఉంటుంది, ఆ వేలు చూపే చోట ఎవరూ ఉండరు. కదిరక్క పీఎఫ్ పుస్తకంలో ఉన్నది అలాంటి రాజే. తేడా ఒక్కటే, ఈ రాజు దగ్గర ఒక తల్లి దాచుకున్న డబ్బుంది.

ఆ ‘కె’ ఎక్కడిదో తెలుసుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. చేరిన రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకో అని అడుగుతూ పోయాను. గేటు పక్కన గదిలో ఒక బల్ల, బల్ల వెనక ఒక కన్నడ అబ్బాయి, మంచివాడే, కూర్చోమని స్టూలు చూపించాడట. పేరు చెప్పింది. ‘‘ఇనిషియల్?’’ అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అతను కాసేపు ఆలోచించి ‘‘ఊరు యావుదమ్మా?’’ అని అడిగాడు. ‘‘కదిరి’’ అంది. అతను తలూపి ఏదో రాసుకున్నాడు. అంతే మంత్రి గారూ. ఆ తలూపిన క్షణంలో ‘కె’ పుట్టింది.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టలేను. అతని భాషలో మనిషిని గుర్తించే తీరు అది. కన్నడ నాట పేరు ముందు ఊరి పేరు, తండ్రి పేరు పెట్టుకోవడం మామూలు. మాజీ ప్రధాని హెచ్.డి. దేవేగౌడ గారి పేరులో ‘హెచ్’ అంటే హరదనహళ్ళి, ఆయన ఊరు. ‘డి’ అంటే దొడ్డేగౌడ, ఆయన తండ్రి. మహాకవి కువెంపు అసలు పేరు కుప్పళ్ళి వెంకటప్ప పుట్టప్ప. అందులోనూ మొదట ఊరు, తర్వాత తండ్రి. కదిరి నుంచి వచ్చిన మనిషికి ‘కె’ పెట్టడం ఆ అబ్బాయి లెక్కలో సాయం చేయడమే.

మా తెలుగువాళ్ళకు అలా కాదు. మాకు ముందుండేది ఇంటిపేరు. పి.వి. నరసింహారావు గారి పేరులో ‘పి’ అంటే పాములపర్తి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ‘ఎస్’ సర్వేపల్లి. ఈ ఇంటిపేర్లలో చాలావరకు ఒకప్పటి ఊళ్ళ పేర్లే కావడం వల్ల చిక్కు ఇంకా ముడిపడుతుంది. ‘మాయాబజార్’ (1957) తీసిన కె.వి. రెడ్డి గారిని తీసుకోండి. ఆ ‘కె’ అచ్చంగా కదిరే. ఆయన కదిరి వెంకటరెడ్డి. కానీ అది ఆయన ఇంటిపేరు, పుట్టిన ఊరు తాడిపత్రి. అంటే ‘కదిరి’ అనే ఒకే మాట, ‘కె’ అనే ఒకే అక్షరం, ఒక తెలుగు పేరు ముందు వంశాన్ని చెబుతుంది, ఒక కన్నడ గుమాస్తా కలంలో ఊరిని చెబుతుంది. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి.

కదిరక్క పక్క మెషీను మీద కృష్ణగిరి నుంచి వచ్చిన తమిళ అమ్మాయి ఉంది. ఆమె పేరు ముందున్న అక్షరం తండ్రిది. ఎం.కె. స్టాలిన్ అంటే ముత్తువేల్ కరుణానిధి స్టాలిన్, తాత, తండ్రి, తర్వాత తను. పెళ్ళయ్యాక ఆ తమిళ అమ్మాయి తండ్రి అక్షరం తీసి భర్త అక్షరం పెట్టుకుంది. మా తెలుగు ఆడపిల్లకూ పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. బడి సర్టిఫికెట్‌లో పుట్టింటి అక్షరం, రేషన్ కార్డులో అత్తింటి అక్షరం. కదిరక్కకు బడిలో ‘బి’, అత్తింట్లో ‘జి’, ఫ్యాక్టరీలో ‘కె’. ఒక్క మనిషికి మూడు జాడలు, మూడూ అబద్ధం కాదు.

ఇక ఫారం వంతు. ఎన్నో ఫారాల్లో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గళ్ళుంటాయి. ఈ గళ్ళు మా ఊళ్ళల్లో ఎవరినీ చూసి గీసినవి కావు. ఇంటిపేరు చివర వచ్చే దేశాల్లో గీసినవి. ప్రధానిగా ఉన్న రోజుల్లో పి.వి. గారిని అమెరికా పత్రికలు ‘మిస్టర్ రావు’ అని రాసేవి. రావు ఆయన ఇంటిపేరు కాదు, గౌరవంగా పేరుకు తగిలించుకునే తోక. తెలుగునాట ‘రావు గారు’ అంటే వెయ్యిమంది తిరిగి చూస్తారు. నాదెళ్ళ వారి అబ్బాయి అమెరికా వెళ్ళి సత్య నాదెళ్ళ అయ్యారు. ఇంటిపేరు వెనక్కి నడిచింది, ఆయనకేమీ నష్టం రాలేదు. మైక్రోసాఫ్ట్ అధిపతికి పేరు ముందువెనకలైతే లోకమే సర్దుకుంటుంది. కాలర్ అతికే ఆవిడకు అలా అయితే మాత్రం సర్దుకునే బాధ్యత ఆవిడ నెత్తినే పడుతుంది. నాకు బాధ ఇక్కడే.

ఇంత గందరగోళంలో ఫ్యాక్టరీలో మరి ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందని నేను వాళ్ళను అడిగాను. అక్కడ గందరగోళమే లేదట. ఒకే లైనులో లక్ష్ములు నలుగురున్నారు. ఒకరు కాలర్ లక్ష్మి, ఒకరు కఫ్ లక్ష్మి, ఒకరు చెకింగ్ లక్ష్మి, అందరికంటే ముందు చేరినామె పెద్ద లక్ష్మి. వయసులో పెద్దవాళ్ళంతా ‘అక్క’. కన్నడంలోనూ అక్కే, తమిళంలోనూ అక్కే, తెలుగులోనూ అక్కే. మూడు భాషల ఆడవాళ్ళు ఒక హాల్లో కూర్చుంటే వాళ్ళకు దొరికిన మొదటి ఉమ్మడి మాట అది. వెనక నుంచి ‘అక్కా’ అని కేక వేస్తే ఏ అక్కో గొంతు తీరును బట్టి, దిక్కును బట్టి తెలుస్తుందట. పదిహేనేళ్ళు పక్కపక్కన కూర్చున్నా రికార్డులో ఒకరి పేరేమిటో ఇంకొకరికి తెలియదు. తెలియాల్సిన అవసరం రాలేదు.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పిన వ్యాకరణంలోనే దీనికి జవాబు ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. ఇంగ్లీషులో తెలిసినదాన్ని చూపించడానికి ‘ది’ ఉంది. మనకు, కన్నడానికి, తమిళానికి, హిందీకి అలాంటి మాట లేదు. లేదని మనం తడబడుతున్నామా? ‘పొద్దున్నుంచి కాలర్ కుట్టాను’ అని కదిరక్క అంటే అది ఆమె పని, ఏ కాలరని ఎవరూ అడగరు. ‘కాలర్‌ని విప్పి మళ్ళీ కుట్టాను’ అంటే సూపర్‌వైజర్ ఆల్టర్ అని, అంటే సరిచేయమని, వెనక్కి పడేసిన ఆ ఒక్క కాలరే. ఒక్క ‘ని’ ఆ పని చేసింది. ‘ఒకావిడ వచ్చింది’ అంటే మీకు తెలియని మనిషి, ‘ఆవిడ వచ్చింది’ అంటే మీకూ నాకూ తెలిసిన మనిషి. కొన్నిసార్లు ఇదీ అక్కర్లేదు. మా మెట్ల మీద కూర్చున్న పెద్దవయసు ఆవిడ ‘ఆయన తాగుడు మానేశాడు’ అంటే ఎవరాయన అని ఎవరూ అడగరు. భర్త పేరు నోట పలకని తరం వాళ్ళది. ఫారంలో భర్త పేరు అన్న గడి దగ్గరికి రాగానే పక్కనున్న మనవడిని చెప్పమంటారు. పెళ్ళైన ఆడమనిషి నోట ఒట్టి సర్వనామం ఊరందరిలోంచి ఒక్క మగవాణ్ణి ఎంచి చూపిస్తుంది. ఏ గుర్తింపు కార్డుకూ లేని కచ్చితత్వం ఆ ‘ఆయన’కు ఉంది.

అయితే ఆ కచ్చితత్వం మాటలో ఉన్నది కాదు. వినేవాళ్ళలో ఉంది. తెలుగులో చూపించే మాటలు ఈ, ఆ, ఏ. ఈ మనిషి, ఆ మనిషి, ఏ మనిషి? ఇక్కడ, అక్కడ, ఎక్కడ? చిన్న పిల్లలకు నేను వేళ్ళు ముడిచి విప్పి నేర్పేదాన్ని. ‘ఈ’, ‘ఆ’ చెప్పేవాళ్ళవి. ‘ఏ’ వినేవాళ్ళది. ‘లక్ష్మి రాలేదు’ అని ఒకరంటే ‘ఏ లక్ష్మి?’ అని ఇంకొకరు అడుగుతారు. ‘కఫ్ లక్ష్మి’ అని జవాబొస్తుంది. ఇంతే. బొమ్మనహళ్ళిలో ఆటో ఎక్కి ‘ఐదో క్రాస్’ అంటే డ్రైవర్ వెంటనే ‘ఏ ఐదో క్రాస్?’ అంటాడు. బెంగళూరులో ప్రతి లేఅవుట్‌కూ ఓ ఐదో క్రాస్ ఉంటుంది మరి. ‘నీళ్ళ ట్యాంకు పక్కది’ అంటే బండి కదులుతుంది. మనుషులు పొరపాటు లేకుండా చెప్పుకోవడం వల్ల లోకం నడవడం లేదు. పొరపాటు వచ్చిన చోట ‘ఏ’ అని అడగడం వల్ల నడుస్తోంది.

మీ రికార్డుకు ఆ ‘ఏ’ రాదు. నేను ఈ ఉత్తరంలో చెప్పదలుచుకున్నది ఈ ఒక్కమాటే. ‘జి’ ఉండాల్సిన చోట ‘కె’ కనిపిస్తే ఆటో డ్రైవరైనా ‘ఏ ఆవిడ?’ అని అడిగేవాడు. రికార్డు అడగదు. కలవలేదు అంటుంది, తలుపు వేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనిషిని చూపించడమంటే గుర్తించడం ఒక్కటే కాదు, ఎంతవాళ్ళుగా చూస్తున్నామన్నది కూడా. వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. తెలుగులో నోరు తెరిస్తే ఈ నిచ్చెనలో ఎక్కడో ఒక మెట్టు మీద ఎదుటివాళ్ళను నిలబెట్టక తప్పదు. మా వ్యాకరణంలో మగవాళ్ళను చెప్పే మాటలను మహత్తులన్నారు, వస్తువులను, జంతువులను చెప్పేవాటిని అమహత్తులన్నారు. ఆడవాళ్ళ మాటలు ఒకరైతే అమహత్తుల వైపు, పలువురైతే మహత్తుల వైపు నడుస్తాయి. ‘బస్సు వచ్చింది’, ‘ఆమె వచ్చింది’, క్రియ ఒక్కటే. కన్నడంలో అలా కాదు, ‘బస్సు బంతు’, ‘అవళు బందళు’. అదే ఆడవాళ్ళు పదిమంది కలిసి వస్తే తెలుగులోనూ ‘వచ్చారు’. ఒంటరి ఆడది వస్తువుల పక్కన, గుంపుగా ఉంటే మనుషుల పక్కన. ఇది భాష తప్పని నేననను, వేల ఏళ్ళుగా ధ్వనులు, ప్రత్యయాలు మారుతూ వచ్చిన దారి అది. కానీ కొన్ని లైన్లలో తెలుగు సూపర్‌వైజర్ ‘అదెక్కడికి పోయింది?’ అని ఒక టైలర్ గురించి అడిగినప్పుడు, ఆమెకు అది వ్యాకరణంలా వినిపించదు. పక్కనున్న కన్నడ ఆవిడకు ఆ ‘అది’ వస్తువుకే వాడే మాటలా వినపడుతుంది, ఇంకా గట్టిగా తగులుతుంది. ‘‘మీ తెలుగులో మమ్మల్ని అట్ల అంటారా?’’ అని ఒకామె నన్నే అడిగింది. ‘ఆమె’, ‘ఆవిడ’ కూడా మా భాషేనని చెప్పాను.

ఒంటరిగా అమహత్తు, కలిస్తే మహత్తు అన్నాను కదా, దానికి ఈ బొమ్మనహళ్ళే సాక్ష్యం. మీ శాఖకు గుర్తుండే ఉంటుంది. 2016 ఫిబ్రవరి 10న పీఎఫ్ నిబంధన మారింది, యజమాని వాటా 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోకూడదని. ఏప్రిల్ 18, సోమవారం పొద్దున, ఇక్కడి గార్మెంట్ ఆడవాళ్ళు మెషీన్లు వదిలి హోసూరు రోడ్డు మీదికి వచ్చేశారు. ఏ సంఘమూ ముందు నిలబడి పిలవలేదు. వేలమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, రోడ్డు మీద కూర్చున్నారు. మర్నాడు ఊళ్ళో వేరే చోట్ల బస్సులు తగలబడ్డాయి, లాఠీలు లేచాయి. ఆ రోజే, 19న, అప్పటి కార్మిక శాఖ మంత్రి, మా తెలుగువారే అయిన బండారు దత్తాత్రేయ గారు ఆ నిబంధనను వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. దేశం మొత్తం కార్మికులకు ఆ మేలు జరిగింది.

కదిరక్క ఆ రోజు అక్కడ ఉంది. ఎండకు కొంగు తల మీద కప్పుకుని, పక్కామెతో ఒక నీళ్ళ బాటిల్ పంచుకున్నానని చెప్పింది. మర్నాడు పేపర్లలో ‘గార్మెంట్ మహిళలు’ అని వచ్చింది. అంతకంటే రాయలేరు, నిజమే. ఒక మాట ఒక్కరిని చెబుతుందా, గుంపునంతా చెబుతుందా అన్నది పాత ప్రశ్నే. వ్యాకరణవేత్త పతంజలి తన మహాభాష్యంలో వ్యాడి, వాజప్యాయనుడు అనే ఇద్దరి వాదాన్ని చెబుతాడు. ‘ఆవు’ అన్న మాట ఒక్కొక్క ఆవును చెబుతుందని వ్యాడి, ఆవులన్నిటిలో ఉండే ఆకృతిని చెబుతుందని వాజప్యాయనుడు. ఆ రెండు రోజులు ప్రభుత్వం వాజప్యాయనుడి చెవితో విని, గుంపు మాట మన్నించింది. పదేళ్ళ తర్వాత అదే డబ్బు కోసం అందులోంచి ఒక్కొక్కరే కౌంటర్ ముందుకు వస్తే, ఇప్పుడు వ్యాడి చెవి కావాలి. ఆ ఒక్క మనిషి ఎవరో తెలియాలి.

మీ శాఖ ఏమీ చేయడం లేదని నేను రాయడం లేదు. 2014లో వచ్చిన యూఏఎన్ (సార్వత్రిక ఖాతా సంఖ్య) వల్ల ఉద్యోగం మారినా పన్నెండంకెల నంబరు ఒక్కటే ఉంటోంది. 2025 జనవరిలో పేరు, పుట్టిన తేదీ లాంటివి సభ్యులే ఆన్‌లైన్‌లో సరిదిద్దుకునే వీలు కలిగింది. చిన్నవాళ్ళు సంతోషించారు, నేను వాళ్ళకు ఫోన్లో చేసి చూపించాను. కానీ ఆ సౌకర్యం 2017 అక్టోబరు 1 నుంచి, ఆధార్‌తో పుట్టిన నంబర్లకే ఇచ్చారు. అంతకు ముందు నంబరు వచ్చిన వాళ్ళు యజమాని ద్వారా వెళ్ళాలన్నారు. కదిరక్క యజమాని ఎక్కడున్నాడు? ఎక్కువ ఏళ్ళు కుట్టిన వాళ్ళకే, ఎక్కువ డబ్బు దాచుకున్న వాళ్ళకే దారి ఇరుకైంది. ఇది సరిచేయగలిగింది మీరే.

నేను అడిగేవి పెద్దవి కావు. పేరుకు మూడు గళ్ళు వద్దు, ఒకటి చాలు. ఆధార్‌లో పేరుకు ఒక్క గడే ఉంది, దేశం దానితో నడుస్తూనే ఉంది. ఆ గడి పక్కన ఇంకో చిన్న గడి ఉంచండి, ‘పేరు ముందున్న అక్షరం దేనిది? ఇంటిపేరా, ఊరా, తండ్రా, భర్తా?’ అని. ఒక్క చుక్క పెడితే చాలు. ఆ గడి 2009లో ఉంటే ‘కె’ పక్కన ‘ఊరు’ అని ఉండేది, ఈ రోజు ఎవరైనా చూసి అయ్యో ఇది కదిరి కదా అనుకునేవాళ్ళు.

రెండోది లిపి గురించి. పేరును ముందు ఆ మనిషి చదవగలిగే లిపిలో రాయించండి. కదిరక్క ఐదో తరగతి దాకా తెలుగులో చదివింది. ఆధార్ బెంగళూరులో తీసుకుంది కాబట్టి పేరు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఇంగ్లీషు ఆమెకు బొమ్మలాంటిది. కన్నడ అక్షరాలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదివేసింది, రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు కదా. తప్పు ఉంటే ఆ రోజే పట్టుకోగలదు. ఇంగ్లీషులో రాసినదాన్ని చూడమని ఇస్తే సంతకం పెట్టేస్తుంది. ‘సరిత’ చివర ‘టి ఎ’ అని కొందరు, ‘టి హెచ్ ఎ’ అని కొందరు రాస్తారు. ‘లక్ష్మి’ నడుమ ఒకరు ‘కె ఎస్ హెచ్’ అంటే ఒకరు ‘ఎక్స్’ అంటారు. తెలుగులో, కన్నడంలో రాస్తే ఇవి ఒకే పేర్లు. భారతీయ లిపుల నుంచి రోమన్ అక్షరాల్లోకి ఒకే తీరున మార్చే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 15919, 2001 నుంచే ఉంది. ఆ మార్పును గుమాస్తా చెవికి వదలకుండా యంత్రానికి అప్పగించవచ్చు.

మూడోది, నా అసలు కోరిక. నంబరు కలిసి, పుట్టిన తేదీ కలిసి, వేలిముద్ర కలిసి, పేరులో ఒకటి రెండు అక్షరాలో ముందున్న ఇనిషియలో తేడా వస్తే దాన్ని ‘తిరస్కారం’ అనకండి. ‘ప్రశ్న’ అనండి. ఎవరో ఒకరు ఆ మనిషితో, ఆ మనిషి భాషలో, ఫోన్లోనైనా సరే, ‘ఈ ‘కె’ ఏమిటమ్మా?’ అని అడిగే ఏర్పాటు చేయండి. కార్మికుల భాష తెలిసిన మనుషులకు బెంగళూరులో కొదవ లేదు.

అలా వదులు చేస్తే ఒకరి డబ్బు ఇంకొకరు లాక్కుపోరా అని మీ అధికారులు అడుగుతారు. అడగాలి కూడా. మోసపోతే మొదట ఏడ్చేది మా మెట్ల మీద కూర్చున్న వాళ్ళే. కానీ ఆలోచించండి, ఒకే లైనులో ఒకే ఇనిషియల్‌తో ఇద్దరు లక్ష్ములుంటే పేరు ఎవరిని కాపాడుతుంది? పేరు ఎప్పుడూ తాళం కాదు. దొంగ పేరును అక్షరం తప్పకుండా రాసుకొస్తాడు. అతని దగ్గర లేనివి వేలిముద్ర, ఫొటో, ఏ ఏళ్ళలో ఎక్కడ పనిచేశారన్న జ్ఞాపకం. కదిరక్కను ఎవరైనా ఆ పాత ఫ్యాక్టరీ గురించి పది నిమిషాలు అడిగితే, మెషీను ఏ కిటికీ పక్కనుండేదో, ఏ పండక్కి బోనస్ ఇచ్చారో, బల్ల వెనక అబ్బాయి ఏం అడిగాడో అన్నీ చెబుతుంది. నాకు చెప్పింది అలాగే.

ఆమె కూతురి పెళ్ళి మాఘమాసంలో అయిపోయింది. డబ్బు అప్పు తెచ్చారు, ఇప్పుడు దాని వడ్డీ జీతంలోంచే పోతోంది. అర్జీ మూడోసారి పెట్టాం. కొత్తగా వచ్చిన మెట్రో ఇప్పుడు మా బొమ్మనహళ్ళి మీదుగానే పోతుంది. కాబట్టి మీ శాఖ నుంచి ఎవరైనా ఒక ఆదివారం వచ్చి ఆ మెట్ల మీద గంటసేపు కూర్చుంటే నేను రాసినదానికంటే ఎక్కువే వినవచ్చు. స్టేషన్‌లో దిగి టీచరమ్మ ఇల్లెక్కడని అడగండి. ‘ఏ టీచరమ్మ?’ అంటారు. పీఎఫ్ కాగితాలు రాసిపెట్టే ఆవిడ అని చెప్పండి.

ఇట్లు,
టీచరమ్మ